మూడో కూత దాకా ఆగడం కబడ్డీయేనా? నల్గొండ, పాలమూరు వాళ్లు చెప్పండి

దేవరకొండ_కూత:

అన్నలందరికీ నమస్తే. సంక్రాంతి టోర్నమెంట్ ఫైనల్ మీద మా వాట్సాప్ గ్రూపులో మొదలైన గొడవ ఇంకా తెగలేదు. నల్గొండ వాళ్లది ఒక మాట, పాలమూరు వాళ్లది ఇంకో మాట. అందుకే ఇక్కడ పెడుతున్నా. ఊళ్ల పేర్లు రాయను, ఎవరినీ తక్కువ చేయాలని కాదు.

ఫైనల్ మా నల్గొండ జట్టుకూ పాలమూరు జట్టుకూ. విరామానికి ముందే పాలమూరు జట్టుకు నాలుగు పాయింట్ల ఆధిక్యం వచ్చింది. అక్కడి నుంచి ఆటను బిగించేశారు. మొదటి కూతకు వచ్చినవాడు బాక్ లైన్, అంటే కూతకు వచ్చినవాడు తప్పక దాటాల్సిన గీత, దాటి ఒక కాలు పెడతాడు, చేతులు ఊపుతాడు, టైమ్ అయ్యేదాకా అటూ ఇటూ తిరిగి వెళ్లిపోతాడు. రెండో కూతా అంతే. మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకపోతే ఔట్, కాబట్టి అప్పుడు మాత్రం వాళ్ల మంచి రైడర్ దిగుతాడు. మేం కూతకు పోతే అవతల అందరూ బోనస్ లైన్ (దాటితే అదనపు పాయింట్ వచ్చే గీత) మీదే కన్ను పెట్టి లోపలికి జరిగి నిలబడతారు, ఎవరూ ముందుకు రారు, కాలికి దిగరు, మావాడు ఎంత కవ్వించినా కదలరు. మా మూడో కూత వచ్చినప్పుడు నలుగురు ఒక్కసారిగా మీద పడతారు. రెండో సగం మొత్తం ఇదే. గ్రౌండ్ చుట్టూ నిలబడ్డ జనం ఒక్కొక్కరే ఇళ్లకు పోవడం నా కళ్లతో చూశా.

గెలిచారు, కప్పు తీసుకున్నారు, అది వాళ్ల కష్టం, కాదనను. నేను అడిగేది వేరు. మా నాన్న వాళ్లు మట్టిలో ఆడినప్పుడు కూత మైదానం చివరిదాకా వినపడాలి, ఊపిరి తెగితే ఔట్, వచ్చినవాడు ఎవరినో ఒకరిని తాకకుండా పోతే సొంత ఊరివాళ్లే ఊరుకునేవాళ్లు కాదు. ఇప్పుడు మన పిల్లలు ఆడుతున్నది తెలివైన డిఫెన్సా, లేక ఓడిపోతామన్న భయమా? టీవీలో చూసిన మ్యాట్ ఆటను మట్టి మీదకు తెచ్చి పాడు చేసుకుంటున్నామా? సూటిగా చెప్పండి.

పాలమూరు_కార్నర్:

ఆ మ్యాచ్ నేనూ చూశా తమ్మీ. మొదట ఒక మాట. ఆ రోజు మావాళ్లకు రైడర్లు ఇద్దరే, అందులో ఒకడికి మోకాలు బాగా లేదు. మీకు నలుగురు రైడర్లు ఉన్నారు. ఉన్న బలంతో ఎట్లా గెలవాలో ఆలోచించడం భయం ఎట్లా అవుతుంది? నలుగురు రైడర్లున్న జట్టుతో కూతకు కూత పోటీ పడి ఓడిపోయి, తర్వాత మీతో శభాష్ అనిపించుకోవాలా?

అసలు కబడ్డీ అంటే కూతే అన్నట్టు మాట్లాడతారు నల్గొండ వాళ్లు. మా వైపు, అంటే మక్తల్, నారాయణపేట, ఆత్మకూరు దిక్కు ఏ ఊరికి పోయినా ముసలివాళ్లు చెప్పుకునేది పట్టు గురించే. ఫలానా ఆయన కాలు పట్టాడంటే మధ్య గీతకు వేలు కూడా అందనిచ్చేవాడు కాదు అని ఇప్పటికీ చెప్తారు. కార్నర్‌లో, అంటే డిఫెన్స్ వరస చివర నిలబడి, రైడర్ కాలు ఎప్పుడు నేలను వదులుతుందో కనిపెట్టి, సరిగ్గా ఆ క్షణంలో చీలమండ అందుకోవాలి. అర క్షణం ముందు దిగితే వాడికి పాయింట్ ఇచ్చినట్టే, అర క్షణం ఆలస్యమైతే వాడు గీత దాటిపోతాడు. కార్నర్ పట్టగానే పక్కనున్న కవర్ వచ్చి నడుం మీద పడాలి, లేకపోతే ఒంటరి కార్నర్‌ను ఈడ్చుకుంటూ పోయే రైడర్లు ఉన్నారు. కదలకుండా నిలబడ్డారు అంటున్నావే, ఆ కదలకపోవడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. కవ్వించినప్పుడల్లా ముందుకు దూకేది కొత్త పిల్లలు.

పెద్ద ఆటలోకి వద్దాం. 1990 నుంచి 2014 దాకా ఏషియన్ గేమ్స్‌లో మగవాళ్ల కబడ్డీ బంగారం ప్రతిసారీ మనదే, వరసగా ఏడు. 2018లో జకార్తాలో సెమీఫైనల్లోనే ఇరాన్ మనల్ని 27-18తో కొట్టింది. మన దగ్గర అజయ్ ఠాకూర్, ప్రదీప్ నర్వాల్, రాహుల్ చౌదరి, పేరున్న రైడర్లంతా ఉన్నారు. 18 పాయింట్ల దగ్గర కట్టేశారు. ఇరాన్ డిఫెండర్ ఫజల్ అత్రాచలి కార్నర్‌లో నిలబడితే ఎట్లా ఉంటుందో దేశమంతా చూసింది. వాళ్లను గెలిపించింది పట్టు.

ఇంకా దగ్గరికి రా. 2024 మార్చి 1న ప్రొ కబడ్డీ పదో సీజన్ ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది. పుణేరి పల్టన్ 28, హర్యానా స్టీలర్స్ 25. నేను స్టాండ్స్‌లో ఉన్నా, మా బావమరిదితో కలిసి పోయా. ప్రతి పట్టుకూ ఒళ్లు గగుర్పొడిచింది. అదే సంవత్సరం డిసెంబర్‌లో పదకొండో సీజన్ ఫైనల్, హర్యానా 32-23తో పట్నాను ఓడించింది, అక్కడ కూడా షాద్లూయి లాంటి డిఫెండర్ వెన్నెముక. మన తెలుగు టైటాన్స్ సంగతి చూడు. రైడర్ల మీద కోట్లు పోశారు, 8, 9, 10 సీజన్లలో వరసగా అట్టడుగున నిలిచారు. ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడితే ఒక్కటే గెలుపు. డిఫెన్స్ లేని జట్టు గతి అది.

నకిరేకల్_టైటాన్:

అన్నా, టైటాన్స్ జోలికి వచ్చావు కాబట్టి జవాబు చెప్పక తప్పదు. ఎనిమిదో సీజన్‌లో రైడర్ సిద్ధార్థ్ దేశాయ్‌ను 1.30 కోట్లకు తీసుకుంటే మొదట్లోనే దెబ్బ తగిలి సీజన్ దాదాపు మొత్తం పోయింది. దాన్ని రైడర్లను నమ్ముకున్న పాపం అంటే ఎట్లా? టైటాన్స్‌కు డిఫెండర్లు లేకపోలేదు, విశాల్ భరద్వాజ్ ఉండేవాడు, ఇరాన్ నుంచి అబోజర్ మిఘానీ వచ్చి ఆడాడు. వాళ్లు ఉన్నప్పుడూ మనకు కప్పు రాలేదు కదా.

నాకు గుర్తున్నది 2014. ప్రొ కబడ్డీ మొదలైన కొత్తలో మా ఊళ్లో టీ హోటల్ ముందు టీవీ పెట్టి జనం ఎగబడి చూసింది రాహుల్ చౌదరిని. వాడు కూతకు పోతుంటే మగ్గం ఆపి వచ్చి నిలబడ్డవాళ్లున్నారు. ఒక్క కార్నర్ పేరైనా ఆ రోజు మా ఊళ్లో ఎవరికి తెలుసు? ఆట ఇళ్లలోకి వచ్చిందే రైడర్ల వల్ల. 2017లో పట్నా ఫైనల్ గెలిచింది 55-38తో. ఆ సీజన్‌లో ప్రదీప్ నర్వాల్ ఒక్కడే 369 రైడ్ పాయింట్లు తెచ్చాడు. డుబ్కీ కొట్టి డిఫెండర్ల చేతుల గొలుసు కింద నుంచి దూరి వస్తుంటే ఇంట్లో ఆడవాళ్లు కూడా లేచి చప్పట్లు కొట్టారు. 55-38 చూసిన కళ్లతో 28-25 చూడమంటే నావల్ల కాదు అన్నా. నువ్వు స్టాండ్స్‌లో ఉన్నావు కాబట్టి ఒళ్లు గగుర్పొడిచింది. టీవీ ముందున్న మా పిల్లలు మొదటి సగం అయ్యేసరికి క్రికెట్ పెట్టుకున్నారు. రేపు వాళ్లు ఆడకపోతే నీ పట్టు ఎవరి మీద వేస్తావు?

సూటిగా అడిగాడు కాబట్టి సూటిగా చెప్తున్నా. పట్టు గొప్పదే. ఖాళీ కూత మాత్రం గొప్పది కాదు. రెండూ కలిపి డిఫెన్స్ అని ఒకే పేరు పెట్టి పొగడొద్దు.

పీఈటీ_సార్_వనపర్తి:

పిల్లలూ, చాలా ఏళ్లుగా స్కూల్ జట్లను తయారు చేస్తున్నా, మండల, జిల్లా స్థాయిలో విజిల్ కూడా ఊదుతుంటా. కొన్ని విషయాలు సరిచేయాలి.

దేవరకొండ తమ్ముడు మూడో కూత రూల్ వల్లే ఆట చప్పబడింది అంటున్నాడు. అది తలకిందులు. ఆ రూల్ లేని రోజుల్లో నేను ఆడా. ఒకసారి ఆధిక్యం వచ్చిందంటే మిగిలిన ఆటంతా ఖాళీ కూతలే. బాక్ లైన్ దాటాలి, అది మధ్య గీతకు 3.75 మీటర్లు, దాటి వెనక్కి రావాలి, అంతే. పది కూతలు ఖాళీగా పోయినా అడిగేవాడు లేడు. ఆ జబ్బుకు మందుగానే వరసగా రెండు ఖాళీ కూతలు పోతే మూడోదాంట్లో పాయింట్ తేవాలి, లేదా రైడర్ ఔట్ అని పెట్టారు. కాబట్టి మీ నాన్నగారి కాలంలో అందరూ ప్రాణం పెట్టి కూతకు పోయేవాళ్లు అన్నది సగం నిజమే. మంచి ఆటలే మనకు గుర్తుంటాయి, చప్పగా సాగినవి ఎవరూ చెప్పుకోరు.

ఇంకొకటి, సంప్రదాయం అంటే ఒక్కటే ఉన్నట్టు వాదిస్తున్నారు. మన దేశంలోనే మూడు పద్ధతులు ఉండేవి. సంజీవనిలో అవతలివాడు ఔటైతే మనవాడు బతికి లోపలికి వస్తాడు, ఇప్పుడు మ్యాట్ మీద ఆడేది దాని నుంచి వచ్చిందే. గామినీలో బతకడం లేదు, ఏడుగురూ ఔటయ్యేదాకా పోయినవాడు పోయినట్టే. అమర్‌లో తాకినా బయటికి పోనక్కర్లేదు, పాయింట్ రాసుకుంటారు. గామినీ ఆడిన ఊళ్లో డిఫెన్స్ అంటే ప్రాణం, ఒక్కడు పోయినా తిరిగి రాడు కాబట్టి ఎవరూ తొందరపడి కాలికి దిగరు. అమర్ ఆడినచోట దూకుడు ఎక్కువ, పోయేదేమీ లేదు కదా. రూల్ ఎట్లా ఉంటే పట్టు అట్లా మారుతుంది. పిల్లల గుండె ధైర్యాన్ని అనుమానించకండి.

ఇప్పుడు మీ ఫైనల్. మీరు తిట్టుకుంటున్నది మూడో కూతను, కానీ నాకు కనిపిస్తున్న లోపం వేరే. ఆ రోజు టైమ్ ఎవరు చూశారు? కూత 30 సెకన్లు. ఊళ్లలో స్టాప్‌వాచ్ పట్టుకునేవాడు ఉండడు, రిఫరీ అంచనాగా విజిల్ ఊదుతాడు, ఒక్కో కూత 40, 45 సెకన్లకు పోతుంది. ఆధిక్యంలో ఉన్న జట్టుకు ఆ సమయమంతా ఉచితంగా వస్తుంది. పైగా కూత వినపడాలని రూల్ పుస్తకంలో ఇప్పటికీ ఉంది, వినపడకపోతే వెనక్కి పిలిచి అవతలి జట్టుకు కూత ఇవ్వొచ్చు. ఎంతమంది రిఫరీలు చెవి పెట్టి వింటున్నారు? ఈ రెండూ గట్టిగా అమలు చేస్తే సగం ఖాళీ కూతలు వాటంతటవే పోతాయి.

అట్లాగని ఓడుతున్న జట్టుకు దారే లేదనుకోవద్దు. లోపల ముగ్గురు, అంతకంటే తక్కువ ఉన్నప్పుడు పట్టు పడితే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. మీ నలుగురు రైడర్లలో ఇద్దరికైనా చైన్ పట్టడం, అంటే చేతులు కలిపి పట్టడం, వచ్చి ఉంటే ఆ నాలుగు పాయింట్ల తేడా రెండు కూతల్లో పోయేది. దేవరకొండ తమ్ముడూ, నొచ్చుకోవద్దు, మీ జట్టులో పట్టు నేర్పినవాడు లేడు.

మక్తల్_డబ్లిన్:

అందరికీ నమస్తే. మాది మక్తల్ దగ్గర ఊరు, ఉద్యోగం డబ్లిన్‌లో. ఈ గొడవ చదువుతుంటే ఇక్కడి ఆఫీసులో సోమవారం పొద్దున జరిగే గొడవే అనిపించింది, అందుకే రాస్తున్నా, జర పెద్దగా ఉంటుంది, ఓపిక పట్టండి.

ఇక్కడ గేలిక్ ఫుట్‌బాల్ అని ఒక ఆట ఉంది. జట్టుకు 15 మంది, బంతిని చేత్తో పట్టొచ్చు, కాలితో తన్నొచ్చు. గోల్ బార్ మీది నుంచి పోతే ఒక పాయింట్, కింద వలలో పడితే గోల్, దానికి మూడు పాయింట్లు. కౌంటీల మధ్య పోటీ, అంటే మన జిల్లాల లెక్క. ఆటగాళ్లకు జీతాలు లేవు, పొద్దున బడిలో పాఠం చెప్పినవాడు ఆదివారం క్రోక్ పార్క్‌లో 80 వేల మంది ముందు ఆడతాడు. ఎవరి కౌంటీ కోసం వాళ్లు ఆడతారు, వేలం పాట లేదు. మన సంక్రాంతి టోర్నమెంట్‌కూ దానికీ ఇక్కడే చుట్టరికం.

దక్షిణాన కెర్రీ అనే కౌంటీ ఉంది, అందరికంటే ఎక్కువ కప్పులు వాళ్లవే. వాళ్ల లెక్కలో అసలు ఆటంటే బంతిని పైకెగిరి అందుకోవాలి, దూరం తన్నాలి, మనిషికి మనిషి తలపడాలి. ఉత్తరాన టైరోన్, డోనెగల్. 2003 సెమీఫైనల్లో కెర్రీ వాడి చేతికి బంతి వచ్చినప్పుడల్లా టైరోన్ వాళ్లు ముగ్గురు నలుగురు చుట్టుముట్టి ఊపిరి ఆడనివ్వలేదు. 13-6తో గెలిచారు, ఆ ఏడాది తమ మొదటి జాతీయ కప్పూ కొట్టారు. కెర్రీ పాత ఆటగాడు పాట్ స్పిలేన్ టీవీలో కూర్చుని ఆ ఆటను బాహాటంగా అసహ్యించుకున్నాడు. ఉత్తరాది వాళ్లు ఆ మాటను ఇప్పటికీ మరిచిపోలేదు, నేను కళ్లారా చూశా, ఆ పేరెత్తితే ముఖాలు మారిపోతాయి. 2011లో డోనెగల్ ఇంకా ముందుకు పోయి దాదాపు జట్టు మొత్తాన్ని తమ గోల్ ముందే నిలబెట్టింది. సెమీఫైనల్లో డబ్లిన్ గెలిచింది, స్కోరు ఎంతనుకున్నారు? 8-6. దేశమంతా తిట్టింది. ఆ కోచ్ జిమ్ మెక్‌గిన్నెస్ అదే డిఫెన్స్‌కు ఎదురుదాడి జోడించి మరుసటి ఏడాది 2012లో కప్పు ఎత్తాడు.

నా పక్కసీటు ఆయన డోనెగల్ వాడు. అచ్చం పాలమూరు_కార్నర్ అన్న మాటలే అంటాడు: మాకు ఉన్నవాళ్లతో మేం గెలిచాం, ఓడిపోయి మీ పొగడ్తలు ఏం చేసుకోవాలి అని. ఎదురు సీట్లో కెర్రీ ఆయన మాటలు నకిరేకల్ తమ్ముడివే. ఇద్దరూ చదువుకున్నవాళ్లు, ఇద్దరికీ ఆటంటే ప్రాణం.

చివరికి ఏమైందంటే ఆట రూల్స్ మార్చారు. డబ్లిన్ పాత కోచ్ జిమ్ గావిన్ కమిటీకి పెద్ద. 2025 నుంచి ప్రతి జట్టూ ముగ్గురిని ఎప్పుడూ అవతలి సగంలోనే ఉంచాలి, అందరూ గోల్ ముందు మూగడానికి లేదు. 40 మీటర్ల గీత బయటి నుంచి బార్ మీదుగా తన్నితే రెండు పాయింట్లు. ఆ ఏడాది ఫైనల్లో మళ్లీ కెర్రీ, డోనెగల్ తలపడ్డాయి, గోల్‌కు మూడు చొప్పున కలుపుకుంటే కెర్రీ 29, డోనెగల్ 19. అదే క్రోక్ పార్క్‌లో ఒకప్పుడు 8-6. డోనెగల్ ఆయన ఓడినందుకు ఏడ్చాడు కానీ రూల్ మార్చినందుకు కోపం లేదన్నాడు, తమవాళ్లు అప్పటి రూల్‌కు తగ్గట్టు ఆడారు, ఇప్పటి రూల్‌కు తగ్గట్టు ఆడతారు అన్నాడు.

నేను చెప్పేది ఒక్కటే. పాలమూరు పిల్లలను తిట్టకండి. టోర్నమెంట్ కమిటీ దగ్గరికి పోండి.

దేవరకొండ_కూత:

సార్, మక్తల్ అన్నా, ఇద్దరికీ దండాలు. నా మాట మాత్రం పూర్తిగా వదలను. టైమ్ చూడకపోవడం నిజంగా పెద్ద లోపమే, ఒప్పుకుంటా. అయినా రెండు ఖాళీ కూతలు రూల్ ప్రకారమే ఉన్నా చూసేవాడికి అన్యాయమే. ఎవరు ఊరి కోసం ఆడుతున్నా ఎదుటివాడి బరిలోకి పోయి కనీసం ఒక్క చెయ్యి వేయాలి, లేకపోతే అంత దూరం నుంచి ట్రాక్టర్ల మీద వచ్చినవాళ్లకు ఏం చూపించినట్టు? నేను కమిటీతో మాట్లాడతా. చివరి ఐదు నిమిషాలు ప్రతి కూతా డూ ఆర్ డై అని పెడితే ఎట్లా ఉంటుంది సార్?

పాలమూరు_కార్నర్:

అట్లా పెడితే మాకే లాభం, ఆలోచించుకో తమ్మీ. ప్రతి కూతలో నీ రైడర్ లోపలికి రావాల్సిందే, మా కార్నర్లకు కావాల్సింది అదే. నాకు అభ్యంతరం లేదు. ఆధిక్యంలో ఉన్న జట్టుకు మాత్రమే అని పెడితే ఒప్పుకోను, రెండు జట్లకూ ఒకటే ఉండాలి.

నకిరేకల్_టైటాన్:

రెండు జట్లకూ ఒకటే, సరే. దాంతోపాటు రిఫరీ చెవి పెట్టి కూత వినాలి. మైకులో పాటలు ఆపాలి, ఆ సౌండులో ఎవడి కూత ఎవడికి వినపడుతుంది?

పీఈటీ_సార్_వనపర్తి:

ఐదు నిమిషాలు ఎక్కువ, పిల్లలు అలిసిపోయి దెబ్బలు తగిలించుకుంటారు, మట్టి మీద మోచేతులు గీరుకుపోతాయి. మూడు నిమిషాలు పెట్టండి. దానికి ఇంకోటి కలపండి. మ్యాచ్ సమమైతే టై బ్రేక్‌లో చెరో ఐదు కూతలు ఆడిస్తారు కదా, అప్పుడు బాక్ లైనే బోనస్ లైన్ అవుతుంది. ఆ మూడు నిమిషాలూ అదే పద్ధతి పాటిస్తే రైడర్‌కు లోపలికి రావడానికి కారణం ఉంటుంది, డిఫెండర్‌కు ముందుకు జరగక తప్పదు, లోపలికి జరిగి నిలబడితే ప్రతి కూతకూ బోనస్ పోతుంది. అప్పుడు చూద్దాం పాలమూరు కార్నర్లు ముందుకొచ్చి ఎట్లా పడతారో, నల్గొండ రైడర్లు ఎట్లా తప్పించుకుంటారో. రూల్స్ ఒక కాగితం మీద రాసి మ్యాచ్‌కు ముందే రెండు జట్ల కెప్టెన్లతో సంతకం పెట్టించండి, తర్వాత గొడవ ఉండదు. 2023లో హాంగ్జౌ ఏషియన్ గేమ్స్ ఫైనల్లోనే మన రైడర్ పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండా లాబీలోకి, అంటే మైదానం పక్క అంచులోకి, వెళ్లినప్పుడు పాత రూలా కొత్త రూలా అని తేలక దాదాపు గంటసేపు ఆట ఆగింది. అంత పెద్ద మైదానంలోనే అట్లా అయితే మన ఊళ్లో కాగితం లేకుండా ఎట్లా కుదురుతుంది?

స్టాప్‌వాచ్‌లు మా స్కూల్లో రెండు ఉన్నాయి, నేను తెస్తా. తేదీ ముందుగా చెప్పండి, పదో తరగతి పరీక్షల టైమ్‌లో మాత్రం పెట్టొద్దు.